రక్తపోటు: వంశమా, వంశం మీది గుర్తులా?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సభ్యుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక రక్తపోటు మీద మాట్లాడమన్నారు. ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరుగారు చెప్పాలి. నేను చెప్పబోయేది మన నోట తరచు వచ్చే ఒక మాట గురించి. "మా నాయనకు బి.పి. ఉండె, నాకూ వచ్చె. వంశంలో ఉండేది మాత్రలకు పోతుందా?" ఇలా అని మాత్రలు మానేసినవారు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను. డి.ఆర్. పెరగడానికి ఏళ్ళు పట్టవచ్చు కాని, మాత్ర మానితే బి.పి. పెరగడానికి అంత సమయం పట్టదు.

తల్లిదండ్రులకు రక్తపోటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. కాని జన్యువు ఉండటం వేరు, అది పనిచేయటం వేరు. ధర్మవరం వారికి ఈ సంగతి మగ్గం మీద చూపవచ్చు. జకార్డు అట్టలో రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక రంధ్రం మీద కాగితం అంటించామనుకోండి. అట్ట అదే, బుటా మాత్రం మారిపోతుంది. మన కణాల్లో డి.ఎన్.ఏ. మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు అంటుకున్నప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. జన్యువు రాత మారదు, దాని పని తగ్గుతుంది. ఈ శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. 1942లో వాడింగ్టన్ ఆ పేరు పెట్టాడు.

దీనికీ రక్తపోటుకూ ఏమి సంబంధం? మూత్రపిండాల్లో ఒక ఎంజైము ఉంది. కార్టిసాల్ అనే హార్మోను అక్కడ పెత్తనం చేయకుండా దాన్ని మార్చివేయటం దాని పని. ఆ ఎంజైము తాలూకు జన్యువుకు మూత పడితే కార్టిసాల్‌కు అడ్డు ఉండదు. ఉప్పును బయటికి పోనీయవద్దని మూత్రపిండానికి చెబుతుంది. ఉప్పు వెంట నీరు నిలుస్తుంది, పోటు పెరుగుతుంది. కొందరు రక్తపోటు రోగుల్లో ఈ జన్యువు మీద గుర్తులు ఎక్కువగా ఉన్నట్టు 2008లో ఇటలీ పరిశోధకులు చూపారు. 2015లో మన దక్షిణాసియా వారితో సహా 3 లక్షల 20 వేలమంది వివరాలతో జరిగిన అధ్యయనం కూడా రక్తపోటులో మిథైల్ గుర్తుల పాత్ర ఉందని సూచించింది. గుర్తు వల్ల పోటా, పోటు వల్ల గుర్తా అన్నది మాత్రం అన్నిచోట్లా తేలలేదు.

ఈ గుర్తులు కొన్ని తల్లి కడుపులోనే పడతాయి. హాలెండులో 1944-45 చలికాలంలో కరువు వచ్చింది. అప్పుడు కడుపున పడ్డవారిని అరవై ఏళ్ళ తరువాత పరీక్షిస్తే, పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వారి తోబుట్టువులకంటే తక్కువగా కనిపించాయి. ఇది చదివినప్పుడు నాకు 1952 రాయలసీమ కరువు, ఆనాటి గంజి కేంద్రాలు తలపుకొచ్చాయి. మనలో డెబ్బై దాటిన చాలామంది ఆ రోజుల్లో తల్లి కడుపులోనో ఒళ్ళోనో ఉన్నవారే. వాళ్ళది కొన్ని నెలల కరువు, మనకు వాన తప్పటం అలవాటైన సంగతి. కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు.

దగ్గరి లెక్కలూ ఉన్నాయి. మైసూరు హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రిలో పుట్టినప్పుడు రాసిపెట్టిన బరువులను పట్టుకుని, ఆ బిడ్డలు పెద్దవాళ్ళయ్యాక వెతికి పరీక్షించారు. 1996లో ఫలితాలు వచ్చాయి. రెండున్నర కిలోలు, అంతకు తక్కువ బరువుతో పుట్టినవారిలో నూటికి 11 మందికి గుండెజబ్బు ఉంది. 3.1 కిలోలు, ఆపైన పుట్టినవారిలో నూటికి 3. అయితే మైసూరులోనే తరువాత చూసినప్పుడు రక్తపోటుకూ పుట్టుక బరువుకూ అటువంటి సంబంధం కనపడలేదు. హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987-90లో అధ్యయనం చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో కొంచెం పొడవుగా, రక్తనాళాలు కొంత మెత్తగా ఉన్నారు. బి.పి.లో మాత్రం తేడా లేదు. గర్భంలోనే అంతా తేలిపోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోనిది అందుకే.

అయినా ఒకటి అడుగుతాను. కోడలు నీళ్ళు పోసుకుంటే "తక్కువ తిను, బిడ్డ లావైతే కాన్పు కష్టం" అనే అత్తలు మన ఇళ్ళలో లేరా? ఆ మాట ఇకనైనా మానిపించండి. ఆడవారికే కాదు, పెన్షను తెచ్చే మామలకూ చెబుతున్నాను.

మరి మన వయసులో? పడిన గుర్తులన్నీ రాతిమీద చెక్కినవి కావు. పొగ తాగేవారిలో ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు బాగా తగ్గుతాయి. బీడీ, సిగరెట్టు మానిన తరువాత ఏళ్ళు గడిచేకొద్దీ అవి తిరిగి మామూలు స్థితికి దగ్గరవుతాయని తేలింది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. సంగటిలోకి ఊరిబిండి, ఆపైన ఊరగాయ, అప్పడం అయితే ఆ చెంచా ఎప్పుడో దాటిపోతుంది. ఊరిబిండి మానమని హిందూపురంలో నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు, ఉప్పు తగ్గించి నూరమనండి.

జన్యువుల గుర్తులు సరిచేస్తామని పొడులు అమ్మేవారు వస్తే డబ్బివ్వకండి. ఈ గుర్తులు చూసి బి.పి.కి మందు రాసే పరీక్ష ఆస్పత్రుల్లో ఇంకా వాడుకలోకి రాలేదు. రక్తపోటు వంశం నుంచి వచ్చినా, గుర్తుల నుంచి వచ్చినా, మీరు వేసుకునే మాత్ర పనిచేస్తుంది. డాక్టరుగారు చెప్పనిదే మానవద్దు.

తలుపు దగ్గరి బల్లమీద బి.పి. మిషను పెట్టించాము. కాఫీ తాగినవారు అరగంట ఆగండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి మాటలు లేకుండా కూర్చుని, తరువాత చెయ్యి చాపండి. వచ్చిన అంకెను తేదీతో సహా రాసుకుని వెళ్ళండి.