ఆటపరికరమునకు అదనపు నిల్వ

చేతిలో పట్టుకొని ఆడుకొను పరికరమునకు మెమరీ కార్డు కొనిపెట్టుమని మనుమలు కోరుచున్నారు. గోరంత వస్తువే యైనను, పరికరము పేరడుగక దానిని కొనరాదు. 2017లో వెలువడిన నింటెండో స్విచ్‌లో సొంత నిల్వ 32 గిగాబైట్లే; దానికి సాధారణమైన మైక్రో ఎస్‌డి కార్డు చాలును. 2025లో వచ్చిన స్విచ్ 2లో 256 గిగాబైట్లున్నవి గాని, దాని ఆటలు మైక్రో ఎస్‌డి ఎక్స్‌ప్రెస్ అను కార్డుపైననే నిలుచును. పాత కార్డు అందులో పూర్వపు బొమ్మలు, వీడియోలు చూచుటకే.

ఇక నకిలీల మాట. మన ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను పెట్టెపై ఊరిపేరున్నంత మాత్రమున లోనిది మన రేకు కానక్కరలేదు. కార్డులును అంతియే. లోన 32 గిగాబైట్లే యుండగా, 1,000 ఉన్నవని పరికరమునకు బొంకునట్లు మార్చినవి కలవు. అసలు హద్దు దాటగానే అందు దాచినది చెడును. కావున కొన్న దినముననే కంప్యూటరునకు తగిలించి, నిండుగ నింపి, తిరిగి చదివించి చూడుడు. అంగడివాడు మార్చియిచ్చు గడువు దాటనీయకుడు.