బాకీ కట్టాం, చెల్లు వేయించుకుందాం!
(వాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతల కాలం గుర్తు చేసుకోండి. ఆసామి దగ్గర రెండు బస్తాల గింజలు తెచ్చుకుంటే చిట్టా వాడిది, కలం వాడిది, వేలిముద్ర మాత్రం మనది. ఏళ్ళ తరబడి చాకిరీ చేసినా చిట్టాలో బాకీ తీరేది కాదు. తండ్రి బాకీకి కొడుకు పాలేరయ్యాడు. 1976 చట్టం ఆ వెట్టిని రద్దు చేసింది. కానీ చిట్టా పోలేదు. కంప్యూటర్‌లోకి ఎక్కింది. మనోళ్ళు దాన్ని 'సిబిల్' అంటున్నారు.

మన వాడలో ఒక అక్క గేదె కోసం లోను తీసుకుంది. గేదె చచ్చింది, వాయిదాలు తప్పాయి. అయినా కూలికి పోయి వడ్డీతో సహా కట్టేసింది. రేపు కొడుకు చదువుకు లోను అడగబోతే 'నీ పేరు మీద పాత బాకీ ఉంది, పో' అన్నారు. రసీదు ఆమె చేతిలోనే ఉంది. తప్పెవరిది? కట్టినామెదా, చెల్లు వేయనోళ్ళదా?

పూర్వం ప్రోనోటు తీర్చాక చెల్లు రాయించి వెనక్కి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడూ అంతే. కట్టగానే 'బాకీ లేదు' అని బ్యాంకు ముద్రతో కాగితం తీసుకోండి. ఈ చిట్టాలు రాసే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి మన రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసి చూడండి. తీరిన అప్పు ఇంకా ఉన్నట్టుందా? అదే పేరున్న ఇంకొకరి అప్పు మన మీద పడిందా? ఇంటిపన్ను బాకీ ఇందులో ఎక్కదు, భయపడొద్దు. కానీ ఇంకొకరికి జామీను పెట్టిన సంతకం ఎక్కుతుంది, జాగ్రత్త!

తప్పుంటే రసీదు జత చేసి బ్యాంకుకూ, ఆ కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటిమాట చెల్లదు, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. సరిదిద్దమని అడిగే హక్కు 2005 చట్టం ఇచ్చింది. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మనకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. అప్పటికీ పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు.

ఒక్కమాట నిజం చెప్పుకోవాలి. వాయిదా తప్పింది నిజమైతే ఆ మాట వెంటనే చెరగదు. కొంత తగ్గించుకుని 'సెటిల్‌మెంట్' చేసుకుంటే పూర్తిగా తీరినట్టు రాయరు. డబ్బిస్తే సిబిల్ కడిగేస్తామనే బ్రోకర్లను వాడలోకి రానీయొద్దు.

బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాసినోడు. ఆయన బిడ్డలం లెక్కలకు భయపడితే ఎట్లా? వాడకొక చదువుకున్న పిల్లో పిల్లోడో కూర్చుని ఇంటింటి రసీదులూ, రిపోర్టులూ సరిచూడండి. ఇది ఎవరినో బతిమాలుకోవడం కాదు. మన చెమటతో తీర్చిన బాకీకి మనం చెల్లు వేయించుకోవడం!

జై భీమ్!