దేహములో కరగిపోవు వెలుగు తీగెలు



మా నేలకొండపల్లి రామదాసుగారు జన్మించిన యూరని మీరెరుగుదురు. ఊరి చెంతనే ఇటుకలతో గట్టిన బౌద్ధ మహాస్తూప మొకటి కలదు. వేయేండ్లకు పైబడి నిలిచిన ఆ కట్టడమును జూచినపుడెల్ల నిలుచుటయే గొప్పయని మనకు దోచును. నేడు నేను ముచ్చటింపబూనిన వస్తువు దీనికి విరుద్ధమైనది. పని ముగిసిన పిమ్మట కరగిపోవుటయే దాని గొప్ప. అది వెలుగును దేహములోపలికి గొనిపోవు సన్నని తీగె.

కరగిపోవలసిన యవసర మేమని యడుగుదురేమో. మా వీధిలో నొక రైతునకు మూత్రపిండములో రాయి పుట్టగా, పట్టణములో వైద్యులు దానిని దీసి, మూత్రము సాఫీగా దిగుటకై లోపల నొక సన్నని గొట్టము నుంచి, కొన్ని వారములకు మరల రమ్మని పంపిరి. స్టెంటు అనునది యదియే. నొప్పి పోయినది, వరినాట్లు వచ్చినవి, కాగితము పెట్టె యడుగున బడినది. ఏడాది గడచి మూత్రములో రక్తము కానవచ్చినపుడు చూపింపగా, గొట్టము చుట్టును సున్నమువలె పెచ్చుగట్టి యుండెను. రాతిని దీయుటకంటె దానిని దీయుటకే కష్టమును వ్యయమును హెచ్చినవి. ఇట్టి మరపు మా యూరికే పరిమితమైనది గాదు. దేశదేశముల వైద్యులు దీనిని గూర్చి వ్రాయుచునే యున్నారు. మీ యింట నెవరికైన నట్టి గొట్టమున్నచో, తీయవలసిన తేదీని గోడమీది క్యాలెండరుపై నేడే వ్రాసి యుంచుడు. దేహములో నుంచినది మరల దీయవలసి వచ్చెనా, ఆ రెండవ ప్రయాణమే పల్లెవానికి గండము.

ఇక వెలుగు మాట. వెలుగు తిన్నగా బోవునది గదా, వంకలు తిరిగిన ప్రేగులలోని కెట్లు చేరును? నీటిలో గాని గాజులో గాని పోవు కిరణము అంచును మిక్కిలి యేటవాలుగా దాకినచో వెలికి రాలేక లోపలికే మరలును. 1841లో జెనీవా నగరమున కొలాడన్ అను పండితుడు తొట్టి రంధ్రమునుండి వంగి పడు నీటిధారలోనికి కాంతిని బంపగా, కాంతియు ధారతోడనే వంగి దిగెను. నీటిధారకు మారుగా తలవెండ్రుక వంటి గాజుపోగు నూహించుకొనుడు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో హాప్కిన్సు పండితునితో గూడి, అట్టి పోగుల కట్టగుండ బొమ్మలను బంపవచ్చునని 1954లో ప్రకటించెను. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ అను వైద్యుడు పోగుల గొట్టముతో జీర్ణకోశమును జూచెను. హైదరాబాదులో డాక్టరు నాగేశ్వర్ రెడ్డిగారు స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ మున్నగు ఆసుపత్రులలో మనవారు చేయించుకొను ఎండోస్కోపీ ఆ వంశములోనిదే.

చూచి వెంటనే వెలికి దీయుటకు గాజుపోగు చాలును. దినముల తరబడి లోపల నుంచుటకు తగదు. విరిగినచో ముక్క లోపల నిలిచిపోవును. లోపల నుంచనేల యందురా, అరచేతిని దీపమున కడ్డము పెట్టి చూడుడు. ఎర్రని ఛాయ తప్ప నేమియు రాదు. వెలుగు తగిలిననే పనిచేయు మందులు కొన్ని కలవు. గాయపు టంచులను వెలుగుతో నతికించు రంగులును కలవు. వెలుగు లోతునకు జేరనిదే ఇవి యక్కరకు రావు.

ఆ తీగెలకై శాస్త్రజ్ఞు లెన్నుకొన్న పదార్థములు మన యిండ్లలోనివే యనుట నాకు ముచ్చట గొలిపినది. మొదటిది పట్టు. 2009లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమువారు పట్టును ద్రవముగా జేసి, దానితో వెలుగు పోవు దారులను గీచిరి. గోదావరి యొడ్డున మహాదేవపురము, చెన్నూరు అడవులలో దసలి పట్టుకాయలు నేరువారికి ఈ మాట చెప్పవలెను. రెండవది పెరుగు పులిసినపుడు పుట్టు లాక్టికామ్లమునుండి చేయు ప్లాస్టిక్కు. మూడవది నిమ్మపండులోని సిట్రికామ్లము; దానితో 2017లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు మెత్తగా వంగు తీగెను జేసిరి. ఎముకలోని కాల్షియము, ఫాస్ఫరముల వంటివానితో కరగు గాజును ఇటలీలో టురిన్ నగరమువారు దీయుచున్నారు.

2016లో హార్వర్డు, సెయింట్ ఆండ్రూస్ పండితులు కలసి దువ్వెనవలె పండ్లుగల కరగు పలకను జేసి, పందిచర్మపు గాయములో నుంచి వెలుగును బంపిరి. పది మిల్లీమీటర్లకు మించిన లోతున గాయ మతుకుకొనెను. పై వెలుగుతో నతుకునదానికి ఇది యించుమించు పదిరెట్లు.

లోపల విడిచివేయు నుపాయము మనకు క్రొత్త గాదు. ప్రేగు చిల్లిపడినపుడు అంచులను నల్ల గండుచీమలచే గరపించి, మొండెములను ద్రుంచి, తలలతోడనే ప్రేగును లోనికి జేర్చుమని సుశ్రుతుడు చెప్పెను. కరగు కృత్రిమపు కుట్టుదారము 1970 ప్రాంతమున వచ్చినది. దానిని వెలువరించినది అమెరికన్ సైనమిడ్ కంపెనీ శాఖ. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో గతించువరకు పనిచేసిన లెడర్లే ప్రయోగశాలయు ఆ కంపెనీదే.

కరగినది యెక్కడికి బోవును? లాక్టికామ్లపు ప్లాస్టిక్కు దేహములోని తడికి మెల్లమెల్లగా విడి, మరల లాక్టికామ్లమగును. పొలములో పరుగిడినపుడు మన కండలలో బుట్టునదియు నదియే గనుక దేహమున కది పరాయిది గాదు. తుదకు నీరై, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువై పోవును.

ఐనను ఈ తీగె లింకను సాధారణముగా ఆసుపత్రులకు జేరలేదు. టెలిఫోను గాజుతీగెలో వెలుగు మైళ్లకొలది బోవును. నిమ్మపులుపు తీగెలోనో, సెంటీమీటరునకు నూటికి దాదాపు తొమ్మిది వంతులు నశించును. పది సెంటీమీటర్లు పోవునప్పటికి మిగులునది నలువది వంతులే. చర్మము క్రింది గాయమునకిది చాలును, కడుపు లోతునకు చాలదు. మరియు గాయము మానకమునుపే తీగె కరగరాదు, మానిన పిదప నిలువరాదు. ఆ గడువును కుదుర్చుటయందే ప్రయోగశాలలవారు నేడు శ్రమించుచున్నారు.