ఒక్క మెతుకు చాలదు

కలరా, ప్లేగు వంటి వ్యాధులు మన ఆలోచనను ఒక తీరులో మలిచాయి. సూక్ష్మజీవి బయటినుంచి వస్తుంది, కొద్ది రోజుల్లో రోగి కోలుకుంటాడు లేదా ప్రాణం పోతుంది. ఈలోగా అది మారుతుందా అని అడగవలసిన అవసరం పెద్దగా కనిపించదు. క్షయ అలాంటిది కాదు. టైఫాయిడ్ తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో ఏళ్ల తరబడి ఉండిపోయే బాక్టీరియా కూడా అలాంటిది కాదు. అంతకాలంలో బాక్టీరియాకు ఎన్నో తరాలు గడిచిపోతాయి. అందుకే దీర్ఘకాల రోగి ఒంట్లో ఉన్నది ఒక జనాభా. ఆ ఒంట్లోనే నడిచిన చరిత్ర దానికి ఉంది. దాన్ని చదవకుండా చేసే వైద్యం అసంపూర్ణమని నా వాదన.

ఈ చరిత్ర అన్నిటికన్నా స్పష్టంగా బయటపడింది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో. ఈ జన్యులోపంతో పుట్టినవారి ఊపిరితిత్తుల్లో శ్లేష్మం చిక్కబడి బయటికి కదలదు. మామూలుగా నేలలో, నీటిలో బతికే సూడోమోనాస్ ఎరుజినోసా అక్కడ స్థిరపడుతుంది. 2006లో అమెరికా పరిశోధకులు ఒకే బిడ్డ నుంచి ఆరు నెలల వయసులోను, ఎనిమిదేళ్ల వయసులోను తీసిన బాక్టీరియా జన్యుక్రమాలను పోల్చారు. ఒకే వంశం, 68 ఉత్పరివర్తనాలు. కొత్త ఆయుధాలు సంపాదించి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది దాదాపు తలకిందులు. మొదటి దాడికి పనికొచ్చిన జన్యువులే చాలావరకు చెడిపోయాయి. ఇతర బాక్టీరియాతో సంకేతాలు మార్చుకునే వ్యవస్థను నడిపే లాస్‌ఆర్ జన్యువు చాలామంది రోగుల్లో పాడవుతుంది. మెక్స్‌జడ్ అనేది మందును బయటికి తోడేసే పంపుకు పగ్గం లాంటి జన్యువు. అది చెడితే పంపు అదుపు తప్పి పనిచేస్తుంది, మందు లోపల నిలవదు. పోగొట్టుకోవడం కూడా ఇక్కడ ఒక లాభమే.

ఇవి యాదృచ్ఛికంగా పోగుపడిన లోపాలు కావచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బోస్టన్‌లో బర్క్‌హోల్డేరియా డోలోసా అనే మరో బాక్టీరియా సోకిన 14 మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల నుంచి 16 ఏళ్లలో సేకరించిన 112 నమూనాలను 2011లో విశ్లేషించారు. వేర్వేరు మనుషుల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, అవే 17 జన్యువుల్లో మళ్లీ మళ్లీ మార్పులు వచ్చాయి. యాదృచ్ఛికత ఇన్నిసార్లు ఒకే తలుపు తట్టదు. అది ప్రకృతి వరణం చేసిన పని. తర్వాతి అధ్యయనాలు మరో సంగతి చూపాయి: ఒకే రోగి కఫంలో వేర్వేరు శాఖలు ఏళ్లపాటు పక్కపక్కనే బతుకుతాయి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలునంటాం. ప్రయోగశాలలో ఒక్క కాలనీని, అంటే ఒకే కణం నుంచి పెరిగిన గుంపును, పరీక్షించి మందు నిర్ణయించడం వెనక ఉన్న నమ్మకం అదే. ఇక్కడ మెతుకు మెతుకుకీ తేడా ఉంది.

ఆయుధాలు వదిలేస్తే రోగికి మేలే కదా? కాదు. దాడి తగ్గినా వాపు ఆగదు, ఊపిరితిత్తుల కణజాలం కొద్దికొద్దిగా నశిస్తూనే ఉంటుంది. పైగా స్పెయిన్ పరిశోధకులు 2000లో పరీక్షించిన 30 మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో 11 మందిలో, డీఎన్ఏ తప్పులను దిద్దుకునే శక్తి పోయి అతివేగంగా మారే సూడోమోనాస్ కనిపించింది. తాత్కాలిక ఇన్ఫెక్షన్‌తో వచ్చిన 75 మందిలో ఒక్కరిలోనూ అది లేదు.

ఈ మార్పులను మందే పుట్టిస్తోందని ఇంకొందరి వాదన. కానీ లూరియా, డెల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తలు 1943లోనే చూపినదాన్ని బట్టి ఉత్పరివర్తనం ముందే వస్తుంది, ఒత్తిడి దాన్ని ఎంచుకుంటుంది. క్షయలో ఇది కళ్లకు కట్టింది. ఆ బాక్టీరియా చాలా నెమ్మదిగా మారుతుంది. అయినా క్షయ తొలిచిన ఊపిరితిత్తి గుహలో కోట్ల సంఖ్యలో ఉన్నప్పుడు మందుకు లొంగనివి కొన్ని ముందే ఉంటాయి. 1948 నాటి బ్రిటన్ పరీక్షలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే తీసుకున్నవారు మొదట తేరుకున్నారు. తర్వాత చాలామందిలో మందుకు లొంగని బాక్టీరియా మిగిలింది. మందులు కలిపి ఇవ్వడం ఈ అనుభవం నుంచే వచ్చింది. 1959లో మద్రాసు అధ్యయనం, అలాంటి చికిత్స ఇంటి దగ్గరే సాగినా శానటోరియంలో ఉన్నంత బాగా పనిచేస్తుందని చూపింది.

ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రుల్లోనూ సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కఫంలో క్షయ ఉందో లేదో, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో గంటల్లో చెబుతున్నాయి. గొప్ప సౌకర్యం. అయితే రిఫాంపిసిన్‌కు లొంగని బాక్టీరియా ఆ కఫంలో కొద్దిపాటిగానే ఉంటే యంత్రం దాన్ని పట్టకపోవచ్చు. అందుచేత రెండు నెలల మందు తర్వాత కూడా కఫంలో క్షయ కనిపిస్తే, పాత చీటీని నమ్మి ఆగకుండా మళ్లీ నమూనా తీసి, మళ్లీ నిరోధకత పరీక్షించాలి.