గోధుమ పడని పిల్ల తల్లి కాగలదా?

(మన ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రతి ఏడూ ఈ వేదిక మీద నాకు అప్పజెప్పే పని విద్యారుణం దరఖాస్తు ఎలా నింపాలో చెప్పడం. ఈసారి కార్యదర్శిగారిని అడిగి వేరే విషయం తీసుకున్నాను. రుణం సంగతి కావలసినవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి, ఫారాలు నా సంచిలోనే ఉన్నాయి.

దరఖాస్తులు పరిశీలించిన రోజున ఒక తల్లి నా బల్ల దగ్గర ఆగింది. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉందని తేలిందట. కాగితాలన్నీ ఇచ్చాక, పక్కన ఎవరూ లేరని చూసుకొని, గొంతు తగ్గించి అడిగింది: "ఈ జబ్బున్న ఆడపిల్లకు పిల్లలు పుట్టరంటున్నారు సార్, నిజమేనా? సంబంధాలు చూడాలా, వద్దా?" ఆమెకు తోచిన నాలుగు మాటలు చెప్పి పంపాను. ఇంటికి వెళ్ళాక, ఇదే మాట పదేళ్ళ కిందట మా ఇంట్లో కూడా అనుకున్నామని గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఆమెను మళ్ళీ కలిసి, పేరు చెప్పకుండా ఈ ప్రశ్న సభలో ఎత్తవచ్చా అని అడిగితే సరేనంది.

జవాబు ముందే చెప్పేస్తాను. పుడతారు. జబ్బు ఉందని తెలుసుకొని, గోధుమ పూర్తిగా మానేసి, ఒళ్ళు కోలుకున్న స్త్రీకి మిగతా స్త్రీలకు ఉన్నంత అవకాశమూ ఉంది. చిక్కంతా జబ్బు ఉన్నా ఉన్నట్టు తెలియని రోజుల్లోనే.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగడానికి కారణం అదే. కొందరి శరీరంలో ఈ గ్లూటెన్ చేరినప్పుడు, మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తే తిరగబడి మన చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర మీద కంటికి కనిపించనంత చిన్న వేళ్ళ వంటి మొలకలు ఉంటాయి. తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకొనేవి అవే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. చాలామంది దీన్ని గోధుమ ఎలర్జీ అంటారు. అది సరికాదు. ఎలర్జీ అంటే తిన్న కాసేపటికే దద్దుర్లో ఆయాసమో వస్తుంది. ఇది చడీచప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి లోపల నడిచే వ్యవహారం.

దీనికి గోధుమే కారణమని కనిపెట్టినది విల్లెమ్ డికే అనే డచ్చి పిల్లల డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, హాలెండులో రొట్టె దొరకని కరువు వచ్చింది. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ వచ్చాక వాళ్ళు మళ్ళీ జబ్బుపడ్డారు. గోధుమ మీద ఆయనకు అంతకుముందు నుంచే అనుమానం ఉండేది. 1950లో దాన్నంతా సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు.

మన దేశం సంగతి. 2016లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో ఉత్తరాదిన వెయ్యిమందిలో ఎనిమిదిమందికి పైగా ఈ వ్యాధి కనిపించింది. దక్షిణాదిన పదివేలమందిలో ఒక్కరికి. కానీ ఈ జబ్బుకు వీలు కల్పించే జన్యువులు మాత్రం రెండు చోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి, నూటికి ముప్ఫై ఐదు మందికి పైగా. తేడా పళ్ళెంలో ఉంది. అక్కడ రోజుకు సుమారు 450 గ్రాముల గోధుమ తింటుంటే, ఇక్కడ పాతిక గ్రాములు. ఈ లెక్క చదివినప్పుడు నాకు మనవాళ్ళే గుర్తొచ్చారు. మన షోలాపూరులో మన తాతలు తిన్నది జొన్నరొట్టె. మంగళ్‌వేఢా జొన్నలకు పేరు ఊరికే రాలేదు. ఇప్పుడు మన పిల్లల డబ్బాల్లో చపాతీ, సాయంత్రం బిస్కట్టు, ఆదివారం పావ్‌భాజీ. దక్షిణాదివాళ్ళం, మనకు ఈ జబ్బు రాదులే అనుకొనే రోజులు పోయాయి. డాక్టర్లకు కూడా మన పేర్లు చూసి ఈ అనుమానం తొందరగా రాదు.

మా మేనకోడలికి అలాగే జరిగింది. ఆమె ఒప్పుకున్నాకనే చెబుతున్నాను. చిన్నప్పటి నుంచి అర్భకపు పిల్ల. తరగతిలో అందరికంటే పొట్టి. పెద్దమనిషి కావడమే పదహారు దాటాక. రక్తం తక్కువని ఎప్పుడూ ఐరన్ మాత్రలు మింగేది. 2009లో పెళ్ళై పూణే వెళ్ళింది. అక్కడ రెండు పూటలా చపాతీలు. 2011లో మూడో నెలలో గర్భం పోయింది. 2013లో మళ్ళీ పోయింది. హిమోగ్లోబిన్ ఎనిమిది దాటేది కాదు. ఒక ఆసుపత్రిలో, కారణం వెతకకుండానే, ఖరీదైన సంతాన చికిత్సకు అంచనా కాగితం చేతిలో పెట్టారు. నేను బ్యాంకులో ఎన్నో అంచనా కాగితాలు చూశాను, అంత శుభ్రంగా టైపు చేసినది చూడలేదు.

అందరికంటే నేను చేసినది చెప్పాలి. సెలవుకు వచ్చినప్పుడు ఆ పిల్లను కూర్చోబెట్టి, "మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదు నువ్వు, అందుకే ఇదంతా" అని అందరి ముందూ మందలించాను. అది తల దించుకొని, "వేసుకుంటున్నా మామా" అంది. నేను నమ్మలేదు. ఇనుము ఒంటికి పట్టేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో. ఈ జబ్బు ముందుగా కొట్టేది ఆ భాగాన్నే. అది నిజంగానే వేసుకుంటోంది. మాత్ర పట్టించుకొనే చోటే పాడైపోయింది.

2014లో పూణేలోనే ఒక పెద్ద వయసు డాక్టరమ్మ, విరోచనాలు లేకపోయినా సరే ఒకసారి చూద్దామని, టీటీజీ అనే రక్తపరీక్ష రాసింది. అది ఎక్కువ వచ్చింది. తర్వాత ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. సీలియాక్ అని రూఢి అయింది. గోధుమ మానేసిన ఆరు నెలలకు హిమోగ్లోబిన్ పదకొండుకు వచ్చింది. టీటీజీ దిగే వరకు, రక్తం, ఫోలిక్ ఆమ్లం, డి విటమిన్ సరిపడే వరకు ఆగమన్నారు. ఆగింది. 2017లో పాప పుట్టింది, రెండు కిలోల ఏడువందల గ్రాములు. ఆ చికిత్స అంచనా కాగితం అవసరమే రాలేదు.

గర్భానికి దెబ్బ ఎందుకు తగులుతుందంటే, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, జింకు వంటివి ఒంటికి అందకపోవడం ఒక కారణం, లోపల ఆగకుండా నడిచే ఆ నిరోధక పోరాటం మరొకటి. చికిత్స లేకపోతే నెలసరి ఆలస్యంగా మొదలవడం, తప్పిపోవడం, గర్భం నిలవకపోవడం, బిడ్డ కడుపులో సరిగా ఎదగకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం మామూలుకంటే ఎక్కువ. స్వీడనులో ఈ వ్యాధి ఉన్న పదకొండువేలమందికి పైగా స్త్రీల రికార్డులు చూసి 2010లో ఒక నివేదిక ఇచ్చారు. మొత్తం మీద వాళ్ళకు పిల్లలు మిగతావాళ్ళతో సమానంగానే పుట్టారు. జబ్బు బయటపడడానికి ముందు రెండేళ్ళలో మాత్రం తగ్గింది. ఆ తల్లికి నేను చూపించాలనుకున్నది ఈ ఒక్క లెక్కే.

ఇందులో మగవాళ్ళకు పనిలేదనుకోకండి. చికిత్స లేని పురుషులలోనూ సంతాన సామర్థ్యం తగ్గవచ్చు, గోధుమ మానేస్తే మెరుగుపడవచ్చు. పరీక్షలంటే కోడలినే పంపే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

అలాగని పిల్లలు లేని ప్రతి ఇంట్లోనూ గోధుమ మీద పడకండి. సంతానం కలగకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, ఇది అందులో ఒకటి మాత్రమే. ఎంతకూ తగ్గని రక్తహీనత, కారణం తెలియకుండా పదే పదే గర్భం పోవడం, ఎదుగుదల లేకపోవడం, ఇంట్లో ఎవరికైనా ఇదే జబ్బు ఉండడం, ఇలాంటివి ఉంటే డాక్టరును అడగండి. ఇంకో సంగతి గట్టిగా చెబుతాను. పరీక్షకు ముందు సొంతంగా గోధుమ మానేయకండి. మానేస్తే ఆ గుర్తులు రక్తంలో తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టు కాగితం వస్తుంది. టీటీజీతోపాటు మొత్తం ఐజీఏ కూడా చూస్తారు. అది పుట్టుకతోనే తక్కువున్నవాళ్ళలో టీటీజీని నమ్మలేము.

జబ్బు తేలాక మందు లేదు, పథ్యమే మందు, అదీ జీవితాంతం. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, పప్పులన్నీ తినవచ్చు. మన ఇళ్ళకు ఇది కష్టమే కాదని మేమూ అనుకున్నాం. కానీ గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలుసుకోవడానికే ఏడాది పట్టింది. డబ్బా ఇంగువలో గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. సేమియా, బొంబాయి రవ్వ గోధుమవే. కడుపుతో ఉన్నవాళ్ళకు కాళ్ళు వాస్తే మన పెద్దలు ఇచ్చేది బార్లీ నీళ్ళు. బలానికని ఇచ్చే మాల్టు పొడులలో చాలావాటిలో బార్లీయే. ప్రేమగా ఇచ్చే ఆ రెండూ ఈ జబ్బున్న గర్భిణికి పనికిరావు.

ఇక గిర్నీ. మా అక్క జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి గిర్నీకి పంపేది. ముందువాళ్ళు గోధుమలు పట్టించిన రాళ్ళలోనే మన జొన్నలూ పడేవి. మేనకోడలి టీటీజీ మూడు నెలలైనా అనుకున్నంత దిగలేదు. ఎవరు దొంగతనంగా పెడుతున్నారని ఇంట్లో ఒకరినొకరు అనుమానించుకున్నాం కూడా. చివరికి ఆ డాక్టరమ్మే అడిగింది, పిండి ఎక్కడ పట్టిస్తారని. కిలో పదార్థంలో గ్లూటెన్ ఇరవై మిల్లీగ్రాములు మించితే అది గ్లూటెన్ లేని పదార్థం కాదని నియమం. ఇరవై మిల్లీగ్రాములంటే చిటికెలో ఏ మూలకో వస్తుంది. ఇంట్లో పెట్టుకొనే చిన్న పిండిమర కొన్నాం. మా అల్లుడు ఆ పండక్కి కొనుక్కుందామనుకున్న టీవీ ఆగింది.

ప్రసాదం దగ్గర గొడవ పెద్దదే అయింది. సత్యనారాయణ పూజలో రవ్వతో చేసిన శిరా వద్దన్నందుకు, కడుపుతో ఉన్న పిల్ల స్వామి ప్రసాదం కాదంటుందా అని ముత్తైదువలు నొచ్చుకున్నారు. పూజారిగారే సర్దిచెప్పి, అరటిపండు చేతిలో పెట్టారు. తర్వాతి ఏడు మా అక్క బియ్యపు రవ్వతో శిరా చేసింది. చాలామందికి తేడా తెలియలేదు.

సంబంధాల సంగతికి వస్తాను. దాచి పెళ్ళి చేయకండి. దాస్తే ఆ పిల్ల అత్తవారింట్లో మొదటి రోజునుంచే చపాతీ తినాలి. చెప్పి చేస్తే, ఇది విని వెనక్కి పోయేవాళ్ళు ముందే పోతారు. మనం రిపోర్టు చూపిస్తే వాళ్ళు అడిగే రెండో ప్రశ్న పిల్లలకు వస్తుందా అని. రావచ్చు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పదింట ఒకటని అంచనా. అంటే పదింట తొమ్మిది రాదు. వచ్చినా, ఏం చేయాలో తెలిసిన తల్లి ఇంట్లో ఉంటుంది.

మేనకోడలికి తేలాక, రక్తసంబంధీకులందరినీ పరీక్ష చేయించుకోమన్నారు. నాకు లేదు. మా అక్కకు ఉందని వచ్చింది, యాభై ఎనిమిదో ఏట. కడుపునొప్పి అన్న మాటే ఎరుగని మనిషి. అంతకు రెండేళ్ళ ముందు, బాత్రూములో కాస్త జారితేనే మణికట్టు విరిగింది. మేనకోడలు పుట్టకముందు ఆమెకు మూడు గర్భాలు పోయాయి. అప్పట్లో ఆమెను ఏయే మాటలన్నారో, ఏయే శుభకార్యాలకు పిలవకుండా మానేశారో నేను చిన్నవాణ్ణయినా విన్నాను. వాటికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ఇప్పుడు ఏ డాక్టరూ రాసివ్వలేరు. రిపోర్టు చదివి వినిపిస్తే అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ కాగితం అప్పుడు ఉంటే మా అత్తకు చూపించేదాన్ని తమ్మీ" అంది.

ఆ ప్రశ్న అడిగిన తల్లీకూతుళ్ళు ఈ సభలోనే ఉన్నారు. ఎవరని వెతకకండి. ఆ పిల్ల చదువు పూర్తి చేసి, ఉద్యోగం చూసుకొని, ఇష్టమైతే పెళ్ళి చేసుకుంటుంది. డాక్టరును అడిగి టీటీజీ, రక్తం చూపించుకొని, ఆ తర్వాత బిడ్డను కంటుంది.

ఫలహారం సిద్ధమైందని సైగ చేస్తున్నారు. కుడివైపు బల్ల మీద ఉప్మా, జిలేబీ ఉన్నాయి. ఎడమవైపు చిన్న బల్ల మీద మూతపెట్టిన గిన్నెలో ఇంగువ వేయని అటుకుల చివడా ఉంది, మా అక్క ఇంట్లో చేసి పంపింది. అక్కడి గరిటెను దయచేసి ఉప్మాలో పెట్టకండి.