బీరువాలోంచి తరగతి గదికి: టీచర్లం కలిసి నేర్చుకున్న పాఠం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని "గిరిజన విద్యలో సాంకేతికత" గురించి మాట్లాడమన్నారు. అది పెద్ద మాట. మేము హాస్టల్ వార్డెన్లం, ఆశ్రమ పాఠశాల టీచర్లం. పొద్దున బియ్యం తూకం వేయించడంతో మొదలై రాత్రి పిల్లల హాజరుతో ముగిసే ఉద్యోగం మాది. బి.ఇడి. చదివే రోజుల్లో మేము నేర్చుకున్న బోధనోపకరణాలు చార్టులు, నల్లబల్ల, ఫ్లాష్ కార్డులు. అందుకే పెద్ద మాటలు పక్కన పెట్టి మా దగ్గర జరిగింది చెబుతాం. ముందు మా తప్పుతోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ల కిందట మా బడికి ఒక ప్రొజెక్టర్ వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఎక్కించాం, సంతకం పెట్టాం, అట్టపెట్టె విప్పకుండానే స్టోర్ రూం బీరువాలో పెట్టి తాళం వేశాం. పిల్లలు పాడు చేస్తారని పైకి చెప్పుకున్నాం. అసలు కారణాలు రెండు. ఒకటి, పాడైతే సంతకం పెట్టినవాళ్లే జవాబు చెప్పుకోవాలి. రెండోది బయటికి చెప్పుకోలేనిది: దాన్ని ఎలా ఆన్ చేయాలో మాకు తెలియదు. లెక్కల సారుకు తెలుసని సైన్సు మేడం అనుకున్నారు. సైన్సు మేడంకు తెలుసని లెక్కల సారు అనుకున్నారు. ఇద్దరూ తాళంచెవి అడగలేదు, మేమూ ఇవ్వలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు "ఉందా?" అంటే "ఉంది సార్" అన్నాం. అంతటితో సరిపోయింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పిల్లలందరినీ గూడేలకు పంపించేశాం. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టి-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంటికి కరెంటు ఉండాలి, ఫోను ఉన్న ఇంటికి సిగ్నల్ ఉండాలి. మన గూడేల్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మీకు చెప్పాలా? ఏ గుట్ట ఎక్కితే రెండు గీతలు వస్తాయో మీకే బాగా తెలుసు.

మళ్లీ హాస్టల్ తెరిచాక ఒక అమ్మాయి సైన్సు పుస్తకం పట్టుకొచ్చింది. పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ల బొమ్మ చూపించి, "మేడం, దీనిలో ఏముంటది?" అని అడిగింది. అది క్యూఆర్ కోడ్. ఫోనుతో చూస్తే దీక్ష అనే వేదికలో ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు తెరుచుకుంటాయి. ఆ వేదిక 2017 నుంచి ఉంది. మేము ఆ పిల్లకు చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? "అది పరీక్షకు రాదులే, పక్కన పెట్టు" అన్నాం.

ఆ రాత్రి స్టాఫ్ రూంలో ఆ మాట గుర్తొచ్చి మాకే సిగ్గేసింది. మాలో ఒకరు ముందుగా నోరు విప్పారు: "నాకు నిజంగానే తెలియదు. మీలో ఎవరికైనా తెలుసా?" ఒక్కొక్కరూ తల అడ్డంగా ఊపారు. మాలో చిన్నవాడు, మనోళ్ల అబ్బాయే, సిఆర్‌టిగా పనిచేసే తమ్ముడు ఒక్కడు మాత్రం "నాకు కొంచెం వస్తది" అన్నాడు. మా నేర్చుకోవడం అక్కడ మొదలైంది.

అప్పటికే ఆన్‌లైన్ శిక్షణలు అందరం పూర్తి చేశాం. ఎలా చేశామో కూడా చెబుతాం. ఫోనులో వీడియో నడుస్తుంటే పక్కన కూరగాయల లెక్క రాసుకున్నాం. సర్టిఫికెట్ వచ్చింది, పని మాత్రం రాలేదు. అందుకే ఈసారి వేరేగా చేద్దామనుకున్నాం. ప్రతి శనివారం సాయంత్రం, పిల్లలు ఆటలకు వెళ్లాక, ఒక గంట కూర్చోవడం మొదలుపెట్టాం.

మొదటి నెల బాగా సాగలేదు. మా తెలుగు పండితులు పెద్దవారు, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. ఫోను తాకితే ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కేవారు. మేము "ఇలా కాదు సార్, ఇటివ్వండి" అని ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని చేసి చూపించేవాళ్లం. ఒకసారి పక్కనున్న కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. మూడో శనివారం నుంచి ఆయన రాలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి మా నవ్వు వల్ల తలుపు దగ్గరే ఆగిపోయారు.

వెళ్లి బతిమాలి తీసుకొచ్చాం. అప్పుడు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఒకటి, "తెలియదు" అన్న మాటకు ఎవరూ నవ్వకూడదు. రెండు, నేర్పేవాళ్లు ఫోను తాకకూడదు. నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి, ఎంత ఆలస్యమైనా సరే. మూడు, శనివారం నేర్చుకున్నది సోమవారం తరగతిలో ఒక్కసారైనా చేసి, వచ్చే శనివారం ఏమైందో చెప్పాలి, చెడిపోయినా చెప్పాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. దండారిలో అడుగు ఎవరైనా పుస్తకం చూసి నేర్చుకున్నారా? పక్కన నిలబడి, చూసి, తప్పు అడుగు వేసి, మళ్లీ కలిపి నేర్చుకున్నాం. గుస్సాడిని దేశమంతా తెలిసేలా చేసిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి విద్య కూడా ఒకరి పక్కన ఒకరు నిలబడితేనే అందింది.

టీచర్లు కలిసి నేర్చుకోవడం కూడా ఈ గడ్డకు పాతదే. అదే మర్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ గారు గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టించారు. కాస్త చదువు వచ్చిన మన యువకులే అక్కడ కూర్చుని టీచర్లయ్యారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. మన పిల్లలకు మన మాటలో చదువు చెప్పాలన్న ఆలోచనకు ఎనభై ఏళ్లు దాటాయి.

ఇక పనిలోకి వస్తాం. బడిలో సిగ్నల్ లేదు. అందుకని ఆదివారం అంగడికి వెళ్లినవాళ్లు మండల కేంద్రంలో వారానికి కావలసిన పాఠాలు ఫోనులో దించుకుని వచ్చేవారు. ఇక్కడ మెమరీ కార్డులతో పంచుకునేవాళ్లం. బీరువా తాళం తీశాం. తెర లేదు, తెల్ల దుప్పటి కట్టాం. శబ్దం వినపడకపోతే చిన్న స్పీకరు తగిలించాం.

మొదటి పాఠం రక్తప్రసరణ. వీడియో మొత్తం ఒకేసారి వేశాం. పిల్లలు కళ్లార్పకుండా చూశారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు "గుండెకు గదులెన్ని?" అంటే నలుగురు కూడా చెప్పలేదు. శనివారం ఆ సంగతి దాచకుండా చెప్పుకున్నాం. "సినిమా చూపించినట్టు చూపించారు, మధ్యలో ఆపలేదు కదా" అన్నారు పండితులు గారే. తర్వాతి వారం రెండు నిమిషాలకోసారి ఆపాం. అడిగాం, నోటుబుక్కులో బొమ్మ గీయించాం, మళ్లీ నడిపాం. ఈసారి జవాబులు వచ్చాయి. యంత్రం బొమ్మ చూపిస్తుంది. ఎక్కడ ఆపాలో, ఏమడగాలో చూసుకునేది టీచరే.

ఇంకో అనుభవం. ఒకటో తరగతిలో బొమ్మ చూపించి "ఏరు అంటే ఏమిటి?" అని అడిగితే ఒక పిల్లవాడు తాగే నీళ్ల గ్లాసు చూపించాడు. తప్పు అన్నారు టీచరు. ఆ టీచరుకు గోండి రాదు. మన మాటలో యేర్ అంటే నీళ్లే కదా! ఆ పిల్లవాడు తన భాషలో సరైన జవాబే చెప్పాడు. ఇలా ఎన్ని సరైన జవాబులకు మేము ఇంటూ మార్కు పెట్టామో!

ఆ శనివారం ఒక పని అనుకున్నాం. పిల్లలను చూడటానికి వచ్చే తల్లులను, అవ్వలను కూర్చోబెట్టి, పాఠంలోని మాటలు గోండిలో చెప్పమని ఫోనులో రికార్డు చేశాం. ఇల్లు రోన్, నీళ్లు యేర్, అలా వరుసగా. కొలాం తల్లులు వస్తే కొలామీలో. ఇప్పుడు గోండి రాని టీచరు కూడా ఆ మాట వినిపించి, పక్కన తెలుగు మాట పెట్టి పాఠం మొదలుపెడుతున్నారు. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, పాత ఫోను చాలు. ఐదో తరగతి వరకైనా మాతృభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ మాట మా దగ్గర ఒక అవ్వ గొంతుతో మొదలైంది.

మన లిపి సంగతి మీలో చాలామందికి తెలుసు. గుంజాలలో దొరికిన చేతిరాతల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే కంప్యూటర్లో, ఫోనులో ఆ అక్షరాలకు తమ స్థానం తమకుంది. కానీ స్థానం ఇస్తే సరిపోదు, రాసేవాళ్లు కావాలి. రాయకపోతే అదీ మా బీరువాలో ప్రొజెక్టర్ లాంటిదే.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. పిల్లల ఫొటోలు, ముఖ్యంగా ఆడపిల్లలవి, మేము గ్రూపుల్లో, స్టేటస్‌లలో పెట్టం. మీరూ పెట్టొద్దు. అలాగే పెర్సపేన్ పాటలు, ప్రధాన్లు, తోటీలు కిక్రి మీద చెప్పే కథలు రికార్డు చేసే ముందు పెద్దలను అడగాలి. అన్నీ అందరూ చూసేచోట పెట్టేవి కావు.

అన్నీ బాగైపోయాయని మేము చెప్పడం లేదు. సిగ్నల్ ఇప్పటికీ గుట్ట మీదే ఉంది. కొన్ని శనివారాలు పని ఒత్తిడిలో జారిపోతాయి. ఆ మధ్య ప్రొజెక్టర్ బల్బు పోయింది. మేము భయపడిన రోజు రానే వచ్చింది. సంతకం మాదే, సంజాయిషీ మేమే రాయాలి. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాం. చివరికి ఒక్క వాక్యం రాశాం: "పాఠాలకు వాడినందువల్ల బల్బు అయిపోయినది." ఇన్నేళ్ల సర్వీసులో తలెత్తుకుని రాసిన సంజాయిషీ అదొక్కటే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతుల్లో మాకంటే మంచి ఫోన్లున్నాయి, మీ వేళ్లు మాకంటే వేగంగా కదులుతాయి. మేము అడిగేది మూడు పనులు. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక శనివారం మీరు చదివిన బడికి రండి. మీ అవ్వ దగ్గర కూర్చుని పది మాటలు, ఒక పొడుపు కథ రికార్డు చేసి బడికి ఇవ్వండి. మీ పాత సారు పక్కన కూర్చుని ఆయనకు తెలియనిది నేర్పండి. ఫోను మాత్రం ఆయన చేతిలోనే ఉండనివ్వండి. నవ్వొద్దు. మీకు "అ" దిద్దించినప్పుడు మీ చేయి ఎంత వణికినా ఆయన నవ్వలేదు.

సెలవు. జై సేవా.