ఎన్నికల తీర్పు – ప్రభుత్వపు మాట

చందర్లపాడు మండలమునకు దక్షిణమున కృష్ణానది ప్రవహించుచున్నది. ఆవలి ఒడ్డున అమరావతి కలదు. నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమ రైతులకు ఆ క్షేత్రము కొత్త కాదు. అయినను గడచిన పది పన్నెండేండ్లుగా అమరావతి యనగానే మనకు అమరేశ్వరుని ఆలయముకంటె ముందు రాజధాని, భూములు, కోర్టు తీర్పులు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఒక ప్రభుత్వము రాజధాని నిర్మింతునని చెప్పి రైతుల భూములు తీసికొనెను. ఎన్నికలలో ప్రభుత్వము మారెను. కొత్త ప్రభుత్వము రాజధాని యంతయు ఒక్కచోటనే యుండ నక్కరలేదనెను. మరల ఎన్నికలు వచ్చెను. మరల ప్రభుత్వము మారెను. ఆగిన పని మరల మొదలయ్యెను.

వీరిలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అను రాజకీయపు తగవును మన మిచ్చట తీర్పబోవుట లేదు. దాని వెనుక అంతకంటె పాత ప్రశ్న యొకటి కలదు. ప్రజలు ఓటు వేసి ప్రభుత్వమును మార్చుదురు. అది వారి హక్కు. కాని పాత ప్రభుత్వము పౌరుని కిచ్చిన మాట సంగతి యేమి? ప్రభుత్వముతోపాటు ఆ మాటయు మారిపోవునా? మారకూడదన్నచో ఎన్నికల కర్థమేమి? మారవచ్చునన్నచో ప్రభుత్వమును నమ్మి రేపు ఎవడు సంతకము చేయును?

ఎన్నికల ప్రభుత్వమును మనకంటె ముందుగా నడపిన అమెరికావారికి ఈ చిక్కు తొలినాళ్ళలోనే ఎదురయ్యెను. ఒకరి కొకరు ఒప్పందముచే బద్ధులైనచో, ఆ బాధ్యతను చెరచు చట్టమును ఏ రాష్ట్రమును చేయరాదని 1787లో రచించుకొన్న రాజ్యాంగములోనే వారు వ్రాసికొనిరి. కొలది యేండ్లకే దానికి పరీక్ష వచ్చెను. 1795లో జార్జియా రాష్ట్ర శాసనసభ యాజూ నది ప్రాంతమున సుమారు మూడున్నర కోట్ల ఎకరములను నాలుగు కంపెనీలకు ఐదు లక్షల డాలర్లకు అమ్మివేసెను. ఎకరమునకు రెండు సెంట్లైనను పడలేదు. సభలో అనుకూలముగా ఓటు చేసినవారిలో దాదాపు అందరును ఆ కంపెనీల వలన లాభపడినవారే యని బయటపడెను. ప్రజలు మండిపడిరి. తరువాతి ఎన్నికలలో ఆ సభ్యులను ఓడించిరి. 1796లో కొత్త సభ ఆ అమ్మకమును రద్దు చేసి, ఆ చట్టపు ప్రతిని బహిరంగముగా కాల్చివేసెను.

ప్రజల తీర్పు ఇంతకంటె స్పష్టముగా నుండదు. కాని ఈలోపల ఆ భూములు చేతులు మారెను. లంచముల సంగతితో సంబంధము లేనివారు కొందరు సొమ్ము చెల్లించి కొనియుండిరి. వివాదము సుప్రీంకోర్టుకు చేరెను. 1810లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పుచు, ఒక సభ చేసిన అమ్మకమును మరియొక సభ రద్దు చేసి, నమ్మి కొన్నవాని హక్కును హరింపరాదనెను. ఒక రాష్ట్ర చట్టము దేశ రాజ్యాంగమునకు విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసిన మొదటి సందర్భములలో ఇది ఒకటి. ఎన్నికలలో గెలుపు అధికారము నిచ్చును గాని, ఆ అధికారమునకు హద్దులు కలవని ఆ తీర్పు సారాంశము.

ఇంతటితో ఆగినచో విషయము సులభముగా తేలిపోయెడిది. కాని మన నేలమీది చరిత్ర మనలను అంత సులభముగా పోనీయదు.

1802లో చెన్నపురి ప్రభుత్వము పర్మనెంటు సెటిల్మెంటును ప్రవేశపెట్టెను. జమీందారు చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించి, సన్నదు లిచ్చెను. బేతవోలుకు తన తండ్రి పేర జగ్గయ్యపేట యని పేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు ఆ కాలపు జమీందారే. ‘శాశ్వతము’ అన్న మాట ప్రభుత్వము వ్రాసి యిచ్చిన మాట. సన్నదు చేతికిచ్చిన మాట. అయినను 1937 ఎన్నికల తరువాత ఏర్పడిన మంత్రివర్గములో రెవిన్యూ మంత్రియైన ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము, జమీందారు శిస్తు వసూలు చేయువాడే గాని భూమికి యజమాని కాడని, యాజమాన్యము రైతుదేయని 1938లో నివేదించెను. తుదకు 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటుల రద్దు చట్టమును చేసెను. నూట నలువదియారేండ్ల నాటి ‘శాశ్వతము’ ఒక్క చట్టముతో ముగిసెను. ఆ మాట తప్పినందుకు జమీందారీ గ్రామములలో ఏ రైతును కంట తడిపెట్టలేదు.

అప్పుల సంగతియు అట్టిదే. 1938లో రాజాజీ మంత్రివర్గము రైతుల ఋణ విముక్తి చట్టము చేసెను. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులకు పేరుకొనిన వడ్డీని కొట్టివేసెను. అసలుకు రెండింతలు ముట్టినచో ఆ ఋణము తీరినట్లే యనెను. సాహుకారు చేతిలోని నోటు కూడ ఒప్పందమే కదా! అమెరికాలోను ఆ కాలముననే అట్టి పని జరిగెను. గొప్ప ఆర్థిక మాంద్యపు రోజులలో, 1933లో, మిన్నెసోటా రాష్ట్రము తాకట్టు పడిన పొలములు, ఇండ్లు వేలమున పోకుండ గడువు పొడిగించుచు చట్టము చేసెను. ఒప్పందముల బాధ్యతను చెరచరాదన్న రాజ్యాంగమే అప్పుడును అమలులో నున్నది. అయినను 1934లో సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగా చీలి, ఆ చట్టము చెల్లుననెను. అది అత్యవసర పరిస్థితి యనియు, గడువు తాత్కాలికమే యనియు, అప్పిచ్చినవాని హక్కు పూర్తిగా పోలేదనియు అందుకు కారణములు చెప్పెను.

కావున ప్రభుత్వపు మాట ఎన్నటికిని తప్పరానిదని చెప్పుటకు వీలులేదు. ఎన్నికలలో గెలిచినవారు ఏ మాటనైనను తప్పవచ్చునని చెప్పుటకును వీలులేదు. రెంటికి నడుమ హద్దు రాయి యెక్కడ పాతవలెను? పై ఉదాహరణములనుండి మనకు మూడు గుర్తులు దొరకుచున్నవి.

మొదటిది, ఆ మాట ఎవరి సొత్తును గూర్చినదో చూడవలెను. జమీందారు కిచ్చిన శాశ్వత హక్కు రైతు నెత్తిమీద మోపిన బరువు. ఒకరి హక్కును తీసి మరియొకరికి ప్రసాదించిన మాటకు తరువాతి తరములు కట్టుబడి యుండవలసిన పని లేదు. రెండవది, ఆ మాటను నమ్మి పౌరుడు ఏమి వదలుకొన్నాడో చూడవలెను. ఊరక వరము పొందినవాడు వేరు. ఉన్నది ఇచ్చి మాట పుచ్చుకొన్నవాడు వేరు. మూడవది, ఏ విధముగా తప్పినారో చూడవలెను. బహిరంగముగా చట్టము చేసి, నష్టపరిహారము చెల్లించి, న్యాయస్థానపు పరీక్షకు నిలుచుట ఒక పద్ధతి. జమీందారులకు సైతము 1948 చట్టము పరిహారము నిర్ణయించెను. అట్లుగాక, కాగితమును ప్రక్కకు పెట్టి పనిని నిలిపివేయుట మరియొక పద్ధతి.

ఈ గుర్తులతో మనము ఏటి ఆవలి ఒడ్డును చూతము. రాష్ట్ర విభజన 2014 జూన్ 2వ తేదీన జరిగెను. 2015లో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలములలో భూసమీకరణము జరిగి, ముప్పది మూడు వేల ఎకరములకు పైగా ప్రభుత్వమునకు చేరెను. రైతునకు ముట్టిన దేమి? మెట్ట ఎకరమునకు వెయ్యి గజముల నివాస స్థలము, 250 గజముల వ్యాపార స్థలము ఇత్తుమనిరి. జరీబు భూమికి వ్యాపార స్థలము 450 గజములు. పదేండ్లపాటు ఏటేట కౌలుగా మెట్టకు 30,000 రూపాయలు, జరీబుకు 50,000 రూపాయలతో మొదలుపెట్టి, సంవత్సరమునకు కొంత చొప్పున పెంచెదమనిరి. భూమి లేని కూలి కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను. రైతు పొలమిచ్చెను, తిరిగి పుచ్చుకొన్నది స్థలముల వాగ్దానము. ఆ స్థలమునకు విలువ రాజధాని అక్కడ నిర్మింపబడినప్పుడే కలుగును. రాజధాని లేనిచో ఆ గజములు కాగితముమీది గజములే.

2019లో ప్రభుత్వము మారెను. పరిపాలనను మూడు నగరములకు పంచు చట్టము 2020లో వచ్చెను. 2021 నవంబరులో ఆ చట్టమును ప్రభుత్వమే ఉపసంహరించుకొనెను. 2022 మార్చి 3వ తేదీన రాష్ట్ర హైకోర్టు, రైతులతో చేసికొన్న ఒప్పందము ప్రకారము స్థలములను అభివృద్ధిపరచి యీయవలసిన బాధ్యత ప్రభుత్వముపై కలదని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో పెట్టిన గడువులను సుప్రీంకోర్టు అదే సంవత్సరము నవంబరులో నిలిపివేసెను. 2024 ఎన్నికలలో మరల ప్రభుత్వము మారెను. 2025 మే 2వ తేదీన నిర్మాణపు పనులు పునఃప్రారంభమయ్యెను. కోర్టు హద్దు చూపెను. ఓటు ప్రభుత్వమును మార్చెను. కాని నడుమ గడచిన యేండ్లను రైతునకు ఎవరును తిరిగి యీయజాలరు.

ఇచ్చట ఎదుటి పక్షపు మాటయు వినవలెను. రాయలసీమవారికిని ఒక మాట కలదు. 1937లో శ్రీబాగు ఒడంబడికలో రాజధాని గాని, హైకోర్టు గాని వారికి చెందవలెనని పెద్దలు అంగీకరించిరి. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్రపు రాజధాని యయ్యెను. మూడేండ్లకే, 1956లో, రాజధాని హైదరాబాదునకు తరలెను. ‘మా కిచ్చిన మాట సంగతి యేమి?’ అని వారడిగినచో అది అన్యాయమైన ప్రశ్న కాదు. ఖజానా ఒక్కటే, అవసరములు పెక్కు. కొత్త ప్రభుత్వము ఖర్చును తగ్గింపవచ్చును, పథకమును మార్పవచ్చును, అభివృద్ధిని ఇతర ప్రాంతములకు పంచవచ్చును. ఓటు వేసినది అందుకే. మనము చెప్పునది ఒక్కటే: దారి మార్చుకొను హక్కు ప్రభుత్వమునకు కలదు, ఆ మార్పు వెల మొత్తమును నమ్మి పొలమిచ్చినవాని మీదనే వేయు హక్కు దానికి లేదు. మాట మార్చినవాడు నష్టము పూడ్చవలెను.

అమెరికా రాజ్యాంగములోని ఒప్పందముల నిబంధన వంటిది మన రాజ్యాంగములో లేదు. ఆస్తిహక్కు కూడ 1978 నాటి నలుబది నాలుగవ సవరణ వలన ప్రాథమిక హక్కుల వరుసనుండి తొలగి, చట్టము ప్రకారము తప్ప ఎవరి ఆస్తిని తీసికొనరాదను 300-ఏ అధికరణముగా మిగిలినది. అయినను హద్దులు లేకపోలేదు. 1967లో మన రాజమహేంద్రవరపు వాడైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటు సైతము ప్రాథమిక హక్కులను తీసివేయజాలదని తీర్పు చెప్పిరి. 1973లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చినను, రాజ్యాంగపు మౌలిక స్వరూపమును చెరచు అధికారము పార్లమెంటునకును లేదనెను. ప్రభుత్వము మాట యిచ్చి, దానిని నమ్మి పౌరుడు నడచినప్పుడు, ప్రభుత్వము వెనుకకు పోరాదన్న సూత్రమును 1978 డిసెంబరులో ఆ కోర్టే ఒక చక్కెర మిల్లు కేసులో స్థిరపరచెను. కాని ఆ సూత్రము శాసనసభ చేయు చట్టమునకు అడ్డురాదు. ఆ వెలితిని పూడ్చవలసినది కోర్టులు కావు, ఓటర్లు.

మాట నిలిచిన ఉదాహరణమును మన మెట్టసీమయే చూచినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. ఆ మరుసటి యేడు రాష్ట్రమే మారెను. ముఖ్యమంత్రులు మారిరి. మూడు సార్వత్రిక ఎన్నికలు జరిగెను. 1967 ఆగస్టులో నీరు వదలిరి. ఎడమ కాలువ నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు నీరు తెచ్చినది. పునాది వేసినవారు వేరు, తుది రాయి పేర్చినవారు వేరు. కాని పని యొక్కటిగా సాగెను. రాజ్యము ఒకటియే యను నమ్మకము ప్రజలకు కలుగునది అట్టి పనుల వలననే.

ఇకమీదట ఎన్నికల సభలలో అభ్యర్థి ‘నే నిది చేసెదను, అది ఇచ్చెదను’ అన్నప్పుడు మనము విని ఊరకుండరాదు. ‘నీకు ముందున్నవారు వ్రాసి యిచ్చిన మాటలలో వేనిని నిలుపుదువు? వేనిని మార్చుదువు? మార్చినచో నష్టపోయినవానికి ఏమి యిత్తువు?’ అని అడుగవలెను. అట్లే, ప్రభుత్వమునకు భూమి యిచ్చుచు సంతకము చేయు రైతు, మాట తప్పినచో పరిహార మెంత, ఎన్నాళ్ళలో, ఎవరు చెల్లింతురు అన్నది ఆ కాగితములోనే వ్రాయించుకొనవలెను. ప్రభుత్వము నేడు ఒక పక్షము చేతిలో నుండును, రేపు మరియొక పక్షము చేతిలో నుండును. రైతు పొలము మాత్రము ఒక్కటే.